నాన్న పోలిక ఎవరికి

మా తమ్ముడు ఇరవై ఏళ్ళు మిలటరీలో చేసి తిరిగొచ్చేటప్పటికి వాడికి ముప్పై తొమ్మిది, నాకు నలభై ఒకటి. రాష్ట్రం రెండుగా విడిపోవడానికి ఏడాది ముందు మాట. కోటబొమ్మాళి స్టేషను దారిలో నాకొక కుట్టు దుకాణం ఉండేది. వచ్చిన వారానికి వాడు చంకలో బట్ట పెట్టుకుని దుకాణానికి వచ్చాడు. ఇకమీదట మామూలు మనుషుల ప్యాంట్లు తొడుక్కోవాలి కదా, రెండు కుట్టిపెట్టమన్నాడు.

నడుము కొలిచాను. ముప్పై ఒక్క అంగుళాలు. మిలటరీకి వెళ్ళేముందు వాడికి నా చేత్తో కుట్టిన ప్యాంటుకీ ముప్పై ఒకటే. అప్పటికి నేను పని నేర్చుకుంటున్న రోజులు, ఆ కొలత బాగా గుర్తు. నమ్మబుద్ధి కాలేదు. టేపు కొంచెం వదులుగా పట్టి మళ్ళీ కొలిచాను. అదే.

"ఏటన్నయ్యా, మళ్ళీ కొలుస్తన్నావు?" అన్నాడు.

టేపు మడత పడిందని చెప్పాను. మడత ఏమీ పడలేదు. నా నడుము అప్పటికి నలభై నాలుగు. దుకాణంలో నిలువుటద్దం ఉంటే దాన్ని గిరాకీల వైపు తిప్పి పెట్టి, నేను ఎప్పుడూ దాని వెనక కూర్చునేవాణ్ణి. ఆ రోజు వాడు ఆ అద్దం ముందు నిలబడి చొక్కా పైకెత్తి బెల్టు సర్దుకుంటుంటే, పొట్ట అన్నదే లేని ఆ నడుము చూసి నాకు కడుపులో ఏదో మండినట్టయింది. ఆ మంట కొత్తది కాదు. ఇరవై ఏళ్ళు వాడు ఎక్కడెక్కడో కొండల్లో ఉండబట్టి కాస్త అణిగింది, అంతే.

దాని మొదలు ఎక్కడో చెప్పాలంటే మా నాన్న దగ్గరికి వెళ్ళాలి. మా నాన్న భారీ మనిషి. నాకు పన్నెండేళ్ళు, తమ్ముడికి పది ఉన్నప్పుడు, ఉబాల రోజుల్లో పొలంలో నాట్లు వేయిస్తూ గట్టు మీద కూర్చుని, గుండె పట్టుకుని, లేవలేదు. నలభై మూడేళ్ళకే పోయాడు. ఊళ్ళో అందరూ ఒకటే మాటన్నారు, ఆ లావే ఆయన్ని తినేసిందని. మా అమ్మ ఆ మాట పట్టుకుంది. చూస్తే నేను నాన్నని అచ్చుగుద్దినట్టు ఉంటాను. అవే భుజాలు, అదే మెడ, ఏం తిన్నా తినకపోయినా అదే ఒళ్ళు. తమ్ముడు మా అమ్మలాగా సన్నం, పొడుగు.

ఆ సంవత్సరం నుంచి మా ఇంట్లో రెండు కంచాలకి రెండు న్యాయాలు. వాడి కంచంలో అన్నం కుప్పగా పడేది. నా కంచంలో రెండు పిడికిళ్ళు పడ్డాక అమ్మ చెయ్యి ఆగేది. పాల మీద మీగడ వాడికి, కోడిగుడ్డు వాడికి, ఎండు నెత్తళ్ళ వేపుడులో కరకరలాడేవి వాడికి. నాకు పొద్దున్నా సాయంత్రమూ చోడి అంబలి, అదే పల్చటి రాగి జావ. ఇంకొంచెం పెట్టమంటే, "నీది నాన్న పోలికరా, వొద్దు" అని గిన్నె మీద మూత పెట్టేసేది. వాడు వద్దు వద్దంటున్నా వడ్డించేది. నేను దొంగతనంగా బెల్లం తినేవాణ్ణి. దొరికిపోయి దెబ్బలు కూడా తిన్నాను. అమ్మకి నా మీద ప్రేమ తక్కువని, ఉన్నదంతా వాడికే పెట్టేస్తోందని ఆ వయసులోనే తీర్మానించుకున్నాను. అంత తిన్నా వాడు లావెక్కేవాడు కాదు. నేను అంబలి తాగుతూనే బరువు పెరిగాను.

ఇప్పుడు ఆలోచిస్తే మా అమ్మ లెక్కలో ఇద్దరు మనుషులు పడలేదు. ఒకరు శ్రీముఖలింగంలో ఉండే మా మేనత్త. నాన్నకంటే లావు. డెబ్భై దాటాక కూడా తెల్లారే లేచి ఏటికెళ్ళి స్నానం చేసి, గుడి చుట్టూ తిరిగి, ఎవరి సాయమూ లేకుండా ఇంటికొచ్చేది. రెండోవాడు మా చిన్నాన్న. నాన్న తమ్ముడు. వెదురు కర్రలాగా ఉండేవాడు. నలభై ఒకటో ఏట ఒక మధ్యాహ్నం అన్నం తిని నడుం వాల్చి అలాగే పోయాడు. సన్నంగా ఉన్నవాడికి గుండె జబ్బేమిటని ఎవరూ అటు పోలేదు. ఎవరో ఏదో చేశారన్నారు, గాలి సోకిందన్నారు. నాన్న చావు మాత్రం లావు ఖాతాలో పడింది, చిన్నాన్న చావు ఎవరి ఖాతాలోనూ పడలేదు.

మిలటరీలో చేరదామని ఇద్దరం కలిసే వెళ్ళాం. విజయనగరంలో ఎంపిక జరుగుతోందంటే, తెల్లవారుజామున బయల్దేరి వరసలో నిలబడ్డాం. నాకు ఇరవై ఒకటి, వాడికి పందొమ్మిది. నా వంతు వచ్చినప్పుడు అక్కడున్న అధికారి నన్ను తూకం దగ్గరికి కూడా రానివ్వలేదు. తల నుంచి కాళ్ళ దాకా ఒకసారి చూసి, చేత్తో పక్కకి అన్నట్టు సైగ చేశాడు. వెనక నిలబడ్డ వాళ్ళు నవ్వారు. వాడు లోపలికి వెళ్ళాడు. నేను గేటు బయట ఎండలో సాయంత్రం దాకా కూర్చున్నాను. వాడు చేతి మీద సిరాతో రాసిన అంకెతో, దుమ్ము కొట్టుకుపోయిన మొహంతో బయటికొచ్చి, నన్ను చూసి నవ్వాలా వద్దా అన్నట్టు నిలబడ్డాడు. నేనే భుజం తట్టి మెచ్చుకున్నాను. రైల్లో వాడు నిద్రపోయాక కిటికీ వైపు తిరిగి ఏడ్చాను.

సరే, అవన్నీ పాతవి. వాడు తిరిగొచ్చాక మా పక్కింట్లోనే కాపురం పెట్టాడు. నాకప్పటికే షుగరు, బీపీ రెండూ వచ్చాయి. టెక్కలిలో చూపించుకుంటే నడవమన్నారు. రోజూ పొద్దున్నే రైలు పట్టాల పక్క రోడ్డు మీద రొప్పుకుంటూ నడిచేవాణ్ణి. వాడు అదే రోడ్డు మీద పరిగెత్తేవాడు. నేను ఒకసారి వెళ్ళొచ్చేలోపల వాడు నన్ను రెండుసార్లు దాటేవాడు. దాటిన ప్రతిసారీ, మంచికే, "నెమ్మదిగా అన్నయ్యా, కంగారు లేదు" అనేవాడు. ఆ మంచితనం నాకు ఇంకా కష్టంగా ఉండేది. వాడు కాస్త ఎగతాళి చేసినా బాగుండు, కోపం తెచ్చుకోవడానికి నాకొక కారణం దొరికేది.

పోలీసు కానిస్టేబుల్ ఎంపికలకి తయారవుతున్న పిల్లలకి వాడు హైస్కూలు మైదానంలో పరుగు నేర్పించడం మొదలుపెట్టాడు. అందులో నా కూతురు కూడా ఉంది. ఇంటికొచ్చి పొద్దస్తమానం బాబాయి అలా పరిగెత్తాడు, బాబాయి ఇలా చెప్పాడు అంటుంటే, అన్నం తింటున్న నేను తల దించుకుని తినేవాణ్ణి. ఆ పిల్ల నా గురించి ఎవరికైనా ఏమని చెప్తుంది? మా నాన్న ప్యాంట్లు కుడతాడని చెప్తుంది. అందులో తప్పేమీ లేదు. అయినా నాకు గుచ్చుకునేది.

వాడి తిండి చూడడం మరో శిక్ష. ఆదివారాలు అమ్మ మా ఇద్దరినీ ఒకచోట కూర్చోబెట్టి వడ్డించేది. వాడికి నలభై ఏళ్ళు, నాకు నలభై రెండు, అమ్మ మాత్రం వాడి కంచంలో మాంసం ముక్కలు వేస్తూనే ఉండేది, నా కంచం దగ్గరికొచ్చేసరికి గరిటెలో పులుసే ఉండేది. ఎదురుగా నా భార్య, వాడి భార్య ఉండేవారు. నేను పరాచికంలాగా నవ్వేసేవాణ్ణి. లోపల పన్నెండేళ్ళ పిల్లాణ్ణి అయిపోయేవాణ్ణి.

నాకు అసలు భయం వేరే. నలభై మూడు దగ్గరపడుతోంది. నాన్న పోయిన వయసు. రాత్రుళ్ళు ఎడమ చెయ్యి కొంచెం లాగినా లేచి కూర్చునేవాణ్ణి. పక్కింట్లో తమ్ముడు ఏ చీకూ చింతా లేకుండా నిద్రపోతుంటాడని తలుచుకుంటే, చావు కంటే ఆ ఆలోచనే ఎక్కువ బాధపెట్టేది. ఒకే తండ్రికి పుట్టాం, చావు మాత్రం దేవుడు నాకొక్కడికే రాసి పెట్టాడేమిటని.

ఆ ఎండాకాలంలోనే విశాఖపట్నం నుంచి డాక్టర్లు కొందరు మా హైస్కూలుకి వచ్చారు. చిన్న వయసులో గుండెపోటుతో మనుషులు పోయిన కుటుంబాల వాళ్ళ రక్తం తీసి పరీక్ష చేస్తామని ఊళ్ళో చెప్పించారు. నేను అందరికంటే ముందు వెళ్ళి కూర్చున్నాను. చిన్న వయసు డాక్టరమ్మ ఒకావిడ నా ఎదురుగా కాగితం పెట్టుకుని మా వంశం గీసింది. మగవాళ్ళకి చతురస్రం, ఆడవాళ్ళకి సున్నా. పోయినవాళ్ళ మీద అడ్డంగా ఒక గీత. నాన్న లావు గురించి నేను పెద్ద కథ చెప్పాను. ఆవిడ మర్యాదగా విని, చిన్నాన్న ఎలా పోయాడని అడిగింది. చెప్పాను. సన్నగా ఉండేవారా అని అడిగింది. అవునన్నాను. మేనత్త ఎలా ఉందని అడిగింది. ఇప్పటికీ ఏట్లో మునిగి లేస్తోందన్నాను. ఆవిడ ఆ మూడు బొమ్మల చుట్టూ పెన్సిలుతో గుండ్రంగా గీసింది.

ఆవిడ నాకు చెప్పింది నాకు అర్థమైనంతలో ఇది. మనిషిని లావు చేసే జన్యువులు కొన్ని. ఒంట్లో కొవ్వు ఎక్కడ చేరాలో చూసుకునే జన్యువులు మరికొన్ని. కొందరికి కొవ్వు చర్మం కింద చేరుతుంది, పైకి లావుగా కనిపిస్తారు. కొందరికి చర్మం కింద చోటు తక్కువ. అది కాలేయంలోనూ, పేగుల చుట్టూనూ, రక్తంలోనూ చేరుతుంది. అలాంటివాళ్ళు పైకి సన్నంగా ఉంటారు, వాళ్ళ ప్రమాదం ఎవరి కంటికీ కనపడదు. చావుకి దగ్గర చేసేది కొన్నిసార్లు లావు కాదు, ఆ లావుతో పాటు వంశంలో నడిచే మరేదో కావచ్చు. ఇవన్నీ ఇంకా పూర్తిగా తేలిన విషయాలు కావని, లావు మంచిదని మాత్రం తాను అనడం లేదని కూడా చెప్పింది. మాటల్లో జన్యువుల్ని రెండుసార్లు ఇంగ్లీషులో జీన్స్ అంది. ఇంటికొచ్చి అమ్మకి అదే చెప్తే, ఆ ప్యాంట్లు వేసుకుంటే గుండెపోటు వస్తుందా అని అడిగింది. జీన్స్ కుట్టేవాడి ఇంట్లో ఆ మాట అలాగే అర్థమవుతుంది మరి.

రెండు నెలలకి ఆవిడే మళ్ళీ టెక్కలి వచ్చి నన్ను పిలిపించింది. నా గుండె ప్రస్తుతానికి బాగానే ఉందంది. రక్తంలో కొవ్వు ఉండాల్సిన దానికంటే ఎక్కువే ఉందని మాత్రలు రాసింది. తర్వాత తమ్ముడి గురించి అడిగింది. ఎలా ఉంటాడు, ఏం తింటాడు, ఏం పని చేస్తాడు. మిలటరీలో చేశాడని, రోజూ పరిగెత్తుతాడని చెప్పాను.

"అయినా సరే ఆయన్ని తప్పకుండా తీసుకురండి," అంది. "సన్నగా ఉన్నాను కదా, నాకేం అనుకోవద్దని చెప్పండి. మీ చిన్నాన్నగారి సంగతి కూడా చెప్పండి. మీ అంత జాగ్రత్తా ఆయనకీ కావాలి." ఒక చీటీ మీద తన ఫోను నెంబరు రాసిచ్చింది.

బస్సులో తిరిగొస్తూ నేనేం ఆలోచించానో దాచను. ఆ డాక్టరమ్మ నాతో గంటసేపు మాట్లాడింది. నా రక్తం గురించి, నా వంశం గురించి, నా గురించి. జీవితంలో మొదటిసారి ఈ ఒళ్ళు ఎవరికో పనికొచ్చే సంగతి అయింది. ఇప్పుడు దానికీ వాడే కావాలట. వాడికి మీగడ దక్కింది, మిలటరీ దక్కింది, నా కూతురి మెప్పు దక్కింది. ఆఖరికి నా రోగంలో కూడా వాడికి వాటా కావాలా అనిపించింది.

చెప్పాను, చెప్పకపోలేదు. ఎలా చెప్పానన్నదే నా తప్పు. ఇంట్లో కూర్చోబెట్టి చెప్పలేదు. మర్నాడు పొద్దున్న పరుగు అయిపోయి, పాతికమంది పిల్లల మధ్య టీ కొట్టు దగ్గర వాడు నిలబడి ఉన్నప్పుడు వెళ్ళి, అందరికీ వినపడేలా అన్నాను.

"ఒరే తమ్ముడూ, డాక్టరమ్మ నీ రక్తం కూడా తియ్యాలంటంది. లావు రోగవంట, మన వంశంలో ఉన్నాదంట."

అందరూ వాడి నడుము కేసి చూసి నవ్వారు. వాడూ నవ్వాడు. "నాకేటి లావు, అన్నయ్యా" అన్నాడు. నవ్వుతారని, వాడు రానంటాడని నాకు తెలుసు. అందుకే అక్కడ చెప్పాను. నేనూ వాళ్ళతో కలిసి నవ్వి, ఇంటికొచ్చి, ఆ చీటీని కొలతల పుస్తకంలో పెట్టేశాను. చిన్నాన్న మాట ఎత్తనే లేదు.

తర్వాత నాకు నలభై మూడు వచ్చింది, వెళ్ళింది. నలభై నాలుగూ వచ్చింది. నాన్న వయసు దాటేశాను. ఆ సంగతి ఇంట్లో ఎవరితోనూ అనలేదు కానీ, నాలో నేను ఏదో గెలిచినట్టు ఉండేది.

కార్తీకమాసంలో ఒక సోమవారం పొద్దున్న నేను దుకాణం తలుపు తీస్తుంటే నా కూతురు మైదానం నుంచి పరిగెత్తుకుంటూ వచ్చింది. చెప్పుల్లేవు, మొహం పాలిపోయి ఉంది.

"నాన్నా, బేగి రా. బాబాయి కూలబడిపోనాడు. గుండె పట్టుకుంతన్నాడు."

ఆ మాట విన్న మొదటి క్షణంలో నాలో పుట్టింది దుఃఖం కాదు. ఇది రాయడానికి చాలాకాలం పట్టింది. నేను కాదు, వాడు, అనుకున్నాను. ఊపిరి పీల్చి వదిలేంతసేపు, అంతే, కానీ ఆ కాసేపూ నాకు తేలిగ్గా అనిపించింది. వెంటనే దుకాణం అలాగే వదిలేశాను. పరిగెత్తాను. ముప్పై ఏళ్ళలో నేను పరిగెత్తింది ఆ ఒక్క రోజే.

ఎవరిదో కారు దొరికింది. వెనక సీట్లో వాడి తల నా ఒళ్ళో పెట్టుకుని శ్రీకాకుళం తీసుకెళ్ళాను. ముందు సీట్లో వాడి భార్య దేవుళ్ళందర్నీ పిలుస్తోంది. వాడి బనీను పిండితే నీళ్ళు కారేలా చెమట. పెదవులు నల్లబడ్డాయి. తిలారు దాటాక కళ్ళు తెరిచి నన్నే చూస్తూ అడిగాడు.

"అన్నయ్యా, నాన్నకి కూడా ఇలగే వొచ్చుంటాదేటి?"

వాడి నుదురు తుడుస్తూ ఉండిపోయాను. నాన్న పోలిక నాదని ముప్పై ఏళ్ళు అందరూ అన్నారు, నేనూ ఆ మాట మోశాను. ఆ కార్లో, నొప్పికి వంకర తిరిగిన ఆ మొహంలో, గట్టు మీద చూసిన మా నాన్న మొహం మొదటిసారి వాడిలో కనిపించింది.

శ్రీకాకుళంలో ఇంజక్షను ఇచ్చి విశాఖపట్నం పంపారు. అక్కడ స్టెంటు వేశారు. సమయానికి తెచ్చారు కాబట్టి బతికాడన్నారు. రక్తంలో కొవ్వు విపరీతంగా ఉందని, కాలేయం నిండా కొవ్వేనని చెప్తే, వార్డు బయట నిలబడ్డ మావాళ్ళెవరూ నమ్మలేదు. పక్కటెముకలు కనిపించే ఆ మనిషికి కొవ్వేమిటని ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. నేను మాత్రం నేల చూపులు చూశాను. ఈ మాట ఏడాదిన్నర క్రితమే నాకు చెప్పారు కదా.

మూడో రోజు అమ్మ ఆసుపత్రికి వచ్చింది. వాణ్ణి చూసొచ్చి బెంచీ మీద నా పక్కన కూర్చుంది. చాలాసేపు చీర కొంగు వేళ్ళకి చుట్టుకుంటూ, విప్పుకుంటూ ఉండిపోయింది.

"నీకనే భయపడ్డాన్రా నాను," అంది చివరికి. "ముప్పై ఏళ్ళు నీ కంచమే సూసినాను. నీకు కడుపు నిండా కూడు పెట్టలేదు. సిన్నోడికి ఏటౌతాదిలే అని వాడి కేసి సూడనే లేదు. ఆ నెయ్యీ, ఆ మాంసవూ నానే పెట్టినాను వాడికి."

నేను ప్రేమ తక్కువ అనుకున్నది భయమని, ఆ భయం అంతా నా మీదే ఖర్చయిందని ఆ బెంచీ మీద తెలిసింది. తెలిసినంత మాత్రాన నేను బాగుపడలేదు. వాడు ఇంటికొచ్చాక అమ్మ మకాం వాడింటికి మార్చింది. ఉప్పు చూసేది, నూనె చూసేది, వాడు రెండు ముద్దలు ఎక్కువ తింటే చెయ్యి పట్టుకునేది. మాత్ర వేసుకున్నాడా లేదా అని మూడుసార్లు అడిగేది. పక్కింట్లో నేను నా ఇష్టం వచ్చినంత అన్నం పెట్టుకుని తిన్నాను, ఎవరూ వద్దనలేదు. గోడ అవతల నుంచి, "వొద్దురా సిన్నోడా, సాలు" అని అమ్మ గొంతు వినపడేది. ఆ మాట నాది. ముప్పై ఏళ్ళు నేను తిట్టుకున్న మాట. అది కూడా వాడికి పోయిందని నాకు ఏడుపొచ్చింది. చావు దగ్గరికి వెళ్ళొచ్చిన తమ్ముణ్ణి చూసి అసూయపడేవాడు ఇంకొకడు ఉంటాడా అంటే, ఏమో, నేనైతే ఉన్నాను.

సంక్రాంతి వెళ్ళాక ఒక మధ్యాహ్నం ఆ చీటీ పట్టుకుని వాడింటికి వెళ్ళాను. అరుగు మీద పడక కుర్చీలో ఉన్నాడు. చీటీ చేతికిచ్చి, డాక్టరమ్మ ఏమందో, చిన్నాన్న గురించి ఏం చెప్పమందో, నేను టీ కొట్టు దగ్గర ఎందుకు చెప్పానో, ఒక్కటీ దాచకుండా చెప్పాను. చిన్నప్పటి మీగడ దాకా వెళ్ళాను. కార్తీక సోమవారం నాడు నాకు ఏమనిపించిందో కూడా చెప్పేశాను. వాడు చీటీని మడతపెట్టి, విప్పి, మళ్ళీ మడతపెట్టాడు.

"నివ్వు సరిగ్గా సెప్పినా నాను నవ్వీసీవోడినే," అన్నాడు. నేను ఆ మాటకి కొంచెం కుదుటపడేలోపలే, తల ఎత్తకుండా అన్నాడు. "కానీ సరిగ్గా సెప్పుంటే బాగున్ను."

ఆ తర్వాత రెండు నెలలు నాతో మాట్లాడలేదు. ఎదురుపడితే తల ఊపేవాడు, అంతే. నా భార్య అడిగితే ఏదో చెప్పి తప్పించుకున్నాను. అమ్మకి మాత్రం అనుమానం వచ్చింది, కానీ అడగలేదు. నాకు ఆ శిక్ష తక్కువే అనిపించేది. ఉగాది దాటాక నా కూతురితో కబురు పంపాడు. ఫలానా రోజు విశాఖపట్నం పరీక్షలకి వెళ్తున్నానని, ఆ డాక్టరమ్మకి ఫోను చేస్తే ఇద్దర్నీ రమ్మందని, నన్ను కూడా తయారవమని.

ఆ రోజు ఆవిడ మా ఇద్దరి కాగితాలూ పక్కపక్కన పెట్టి చూపించింది. ఇద్దరికీ నాన్న వైపు నుంచి రక్తంలో కొవ్వు పెరిగే గుణం వచ్చినట్టే ఉందంది. నా ఒళ్ళు దాన్ని దాచుకోవడానికి చర్మం కింద చోటిచ్చింది, తమ్ముడి ఒళ్ళు ఇవ్వలేదు, బహుశా అదే తేడా అంది. నా మొహం వెలిగినట్టుంది, ఆవిడ వెంటనే నా వైపు తిరిగి, లావు కాపాడిందని సంబరపడొద్దని, నా షుగరూ బీపీ నన్ను వేరే దారిలో అక్కడికే తీసుకెళ్తాయని గట్టిగానే చెప్పింది. రక్తంలో ఉన్నంత మాత్రాన జరిగి తీరాలని లేదని, మాత్రలు, తిండి, నడక మన చేతిలోవని చెప్పింది. మా పిల్లలందర్నీ కూడా ఒకసారి తీసుకురమ్మంది. లావుగా ఉన్నవాళ్ళనే కాదు, అందర్నీ.

సాయంత్రం రైల్లో ఎదురెదురుగా కిటికీల దగ్గర కూర్చున్నాం. చీపురుపల్లిలో బండి ఆగినప్పుడు వాడే మొదలుపెట్టాడు.

"నివ్వు మీగడ గురించి సెప్పినావు కదా. నా సంగతి ఎప్పుడైనా అడిగినావేటి?" అన్నాడు. "అమ్మ నా కంచంలో అన్నం పడేసీది, నీ కంచం కేసి సూసీది. ఒకసారి నాను రెండు రోజులు కూడు ముట్టలేదు, అమ్మ అడుగుతాదేమోనని. అడగలేదన్నయ్యా. నీకు ఒంట్లో బాగులేదు ఆ రెండు రోజులూ. నీ మంచం దగ్గరే కూకుంది. మిలటరీకెల్లేటప్పుడు కూడా, అన్నయ్య తిండి సూసుకుంతానులే అని నాతో సెప్పింది. నన్ను జాగ్రత్త అనలేదు."

అది చెప్పి వాడు కిటికీ వైపు తిరిగాడు. ఓదార్పుగా ఏదైనా అనాల్సింది నేను. తమ్ముడి బాధ విని నా గుండె తరుక్కుపోయిందని రాస్తే బాగుంటుంది. నిజానికి నాకు సంతోషం వేసింది. ఇన్నేళ్ళూ వాడు కూడా నన్ను చూసి కుళ్ళుకున్నాడు. ఆ సంతోషంలోనే, ఎందుకో తెలియదు, వాడి మీద నాకు ఎప్పుడూ కలగనంత ఇష్టం కలిగింది. లేచి వెళ్ళి వాడి పక్కన కూర్చున్నాను. సీటు మొత్తం నాకే సరిపోయింది, వాడు కిటికీకి అతుక్కుపోయాడు. జరగమని అనలేదు.

పిల్లల్ని ఆ వేసవిలోనే తీసుకెళ్ళాం. నా కూతురు సన్నంగా, చురుగ్గా ఉంటుంది, అప్పటికి కానిస్టేబుల్‌గా ఎంపికైంది. దాని రక్తంలో కొవ్వు వయసుకి ఎక్కువే ఉందని తేలింది. అది మొహం చిన్నబుచ్చుకుంటే వాళ్ళ బాబాయి పక్కన కూర్చుని తన ఛాతీ మీద చెయ్యి పెట్టుకుని ఏదో చెప్పి నవ్వించాడు. ఆ మాటలు నేను చెప్పాల్సినవి.

మేనత్త మాత్రం తిత్లీ తుపాను వచ్చిన ఏడాది చివర్లో, ఎనభై దాటాక, నిద్రలో పోయింది. కర్మకి ఇద్దరం కలిసే వెళ్ళాం.

ఇప్పటికీ ఆరు నెలలకోసారి ఒకే రైల్లో వెళ్ళి పరీక్షలు చేయించుకుంటున్నాం. వాడు పరుగు మానేసి నాతో పాటు నడుస్తాడు. మొన్న వెళ్ళినప్పుడు వాడి కొవ్వు అంకె నా అంకె కంటే తక్కువ వచ్చింది. డాక్టరమ్మ వాణ్ణి మెచ్చుకుంది, నన్ను మందలించింది. వాడు కాగితం నా ముందు పెట్టి చూడమన్నాడు. చూశాను, బాగుందన్నాను. పొందూరు దాటేదాకా వాడితో మాట్లాడలేదు.